మా అత్త చౌక్‌లో కాలు పెట్టిన రోజు

మా అత్త ఇలారియా, ఊరి నడిబొడ్డునున్న మురియో చౌక్‌లో కాలు పెట్టదు. రోడ్రిగెస్ సంతలో ఉన్న మా కొట్టు నుంచి పాతబస్తీలో ఏ పని మీద వెళ్ళాలన్నా చౌక్‌కి అడ్డంపడి పోతే దగ్గరి దారి. మా అత్త మాత్రం రెండు వీధులు కిందికి దిగి, చుట్టు తిరిగి, మళ్ళీ ఎక్కి వెళ్తుంది. మోకాళ్ళు అరిగిపోయాక కూడా అంతే. నెత్తిన గుండ్రటి టోపీ, ఒంటికి కుచ్చుల పావడా, వీపున చారల దుప్పట్లో పాతిక కిలోల మూట, నోట్లో ఆ చౌక్ కట్టినవాళ్ళ ఏడు తరాలకీ తిట్లు.

నేను ఆవిడ కోడల్ని, దెల్ఫీనాని. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పక్కన కూర్చుని చూన్యో అమ్ముతున్నాను. బంగాళాదుంపల్ని రాత్రి మంచులో పరిచి, పొద్దున కాళ్ళతో తొక్కి నీరంతా పిండేసి ఎండబెడితే అవి నల్లగా గులకరాళ్ళలా అవుతాయి. అదే చూన్యో. పదేళ్ళున్నా పాడవదు. మా అత్త కోపం కూడా ఆ సరుకే.

ఆ కోపం వయసు అరవై అయిదేళ్ళు. ఆవిడకి పదకొండేళ్ళప్పటి మాట. అప్పట్లో మనవాళ్ళు, అంటే ఐమారా మాట్లాడేవాళ్ళు, బూట్లు లేనివాళ్ళు, ఆ చౌక్‌లోకి పోకూడదు. మా అత్త వాళ్ళ నాన్న గ్రెగోరియో మూటలు మోసేవాడు. ఆ రోజు ఎవరిదో అద్దాల బీరువా వీపున తాడుతో కట్టుకుని వెళ్తున్నాడు. బరువుకి తాళలేక చౌక్ మూల నుంచి అడ్డంగా నడిచాడు, పాతిక అడుగులు. యూనిఫాం వేసుకున్నవాడొకడు వచ్చి నెత్తి మీద టోపీ లాక్కున్నాడు. చేతికి చీపురిచ్చాడు. చౌకంతా ఊడిస్తే టోపీ ఇస్తానన్నాడు. సాయంత్రం దాకా ఊడ్చాడాయన. మా అత్త మూల మీద నించుని చూసింది. టోపీ మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత ఆయన బతికినంత కాలం ఎండైనా వానైనా ఉత్త నెత్తితోనే తిరిగాడట.

మూడేళ్ళకి తిరుగుబాటొచ్చింది, ఆ కట్టుబాటు పోయింది. ఊళ్ళో అందరూ పిల్లల్ని వేసుకుని పావురాలకి మొక్కజొన్న గింజలు చల్లడానికి చౌక్‌కి పోయారు. మా అత్త పోలేదు. "వాళ్ళు రానిచ్చినప్పుడు వచ్చేదాన్నా నేను? నాకు బుద్ధి పుట్టినప్పుడు వస్తా" అంది. ఆ బుద్ధి పుట్టనే లేదు. మనవాడే అధ్యక్షుడై ఆ చౌక్‌లోని భవనంలో కూర్చున్నాడు కదా, ఇప్పుడైనా రావచ్చుగా అని సంతలో ఎవరో అంటే, "కూర్చోనీ, కుర్చీ మెత్తగా ఉంటుంది" అంది.

ఇదంతా ఊరివాళ్ళకి వేడుక కబురు. నాకు కాదు. నా పెళ్ళి ఆ చౌక్‌లో ఉన్న పెద్ద చర్చిలోనే అయింది. మా అమ్మ మొక్కు అది. మొగుడి తల్లి నా పెళ్ళి వీధి మూల మీద నించుని చూసింది. మేము బయటికొచ్చి, చౌక్ దాటి, ఆవిడ నించున్న మూల దాకా నడిచి వెళ్తే, అప్పుడు మా నెత్తిన రంగు కాగితాల ముక్కలు చల్లి, "ఆకలేస్తోంది, పదండి" అంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ అంటారు. ఆవిడ చేస్తే పౌరుషం, నేను ఆ రోజు గుర్తుచేస్తే నోటి దురుసు. ఆ ముక్క ఇప్పటికీ నా గొంతు దిగలేదు.

పోయిన ఆగస్టులో ఒక రాత్రి మా ఆయన రుఫీనో వేరుశనగ చారు తాగుతూ, గిన్నెలోంచి మొహం ఎత్తకుండా అన్నాడు.

"అమ్మా, పిన్ని ఊళ్ళో ఉంది."

"ఏ పిన్ని?"

"నీకు ఎంతమంది చెల్లెళ్ళు?"

"ఒక్కతీ లేదు."

ఉంది. బెనీతా. మా అత్త కంటే ఏడేళ్ళు చిన్న. పన్నెండేళ్ళకే ఆ చౌక్ పక్కనున్న ఒక పెద్దింట్లో పనికి చేరింది. పావడా విప్పేసి గౌను వేసుకుంది, జడలు కత్తిరించుకుంది, ఆ ఇంటి పిల్లల చేతులు పట్టుకుని రోజూ అదే చౌక్‌లో పావురాల మధ్య తిప్పింది. ఆ తర్వాత పెళ్ళి చేసుకుని బ్యూనస్ ఐరిస్ వెళ్ళిపోయింది. తల్లి చనిపోయినప్పుడు ఎత్తు మడమల బూట్లతో, ఉత్త నెత్తితో వచ్చింది. శవం దగ్గరే మా అత్త ఆవిణ్ణి తెల్లవాళ్ళ ముంతలు తోమేదానా అంది. ఆవిడ మా అత్తని మట్టిగడ్డా అంది. ముప్పై అయిదేళ్ళైంది. ఒకరి పేరు ఒకరు ఎత్తలేదు.

"ఏదో కాగితాల పని మీద వచ్చిందట" అన్నాడు రుఫీనో. "గురువారం రెండింటికి బస్సు. నిన్ను ఒకసారి చూడాలంది."

"సంతకి రమ్మను. మూటల మీద చోటుంది."

"ఆ మాటే అన్నాను. దుంపల మూటల మీద కూర్చోడానికి రెండు రోజులు బస్సులో రాలేదంది. చూడాలనుంటే నువ్వే మురియో చౌక్‌లోకి రావాలట, పన్నెండింటికి. వస్తే అక్క ఉందనుకుంటానంది, రాకపోతే పోయిందనుకుంటానంది. డెబ్బై నిండబోతున్నాయి, మళ్ళీ రానంది."

"కావాలనే చౌక్ అంది" అంది మా అత్త.

"కావాలనే అంది" అన్నాడు రుఫీనో.

గురువారం పొద్దున మా అత్త పండగల్లో కట్టే ఆకుపచ్చ పావడా తీసింది. చెవులకి పొడుగు కమ్మలు, భుజాన అంచుల శాలువా. నేను చూన్యో కొలుస్తూ, "ఎక్కడికి ముస్తాబు?" అన్నాను.

"పోయినవాళ్ళని చూడ్డానికి మంచి బట్టలే కట్టుకోవాలి" అంది.

నేను వెనక గదిలోంచి మూటలు లాక్కొచ్చేసరికి ఆవిడ లేదు. ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు. బేరాల్లో పడిపోయాను.

మళ్ళీ తలెత్తేసరికి ఎదురుగా మా అత్తే. చలికి పెదాలు పగిలి, మొహం కొలిమిలా ఉంది. శాలువా తీసి మూటల మీదకి విసిరింది.

"రాలేదు."

"ఎవరు?"

"ఇంకెవరు, ఆ దొరసాని. రెండు చుట్లు తిరిగాను చౌకంతా. పావురాలు, ఫోటోలు దిగే విదేశీయులు, బెంచీల మీద కోట్లేసుకున్న ముసలమ్మలు. ఇది లేదు. పన్నెండున్నర దాకా చూశాను. నన్ను దాంట్లోకి లాగి, ఏడిపించి, నవ్వుకుని పోయింది. తల్లి శవం మీద ప్రమాణం చేసి చెప్తున్నా, ఇక దాని పేరు ఈ కొట్లో వినపడకూడదు."

పక్క కొట్లో మాంసం అమ్మే సెవేరో దగ్గర ఎప్పుడూ రేడియో మోగుతుంటుంది. సరిగ్గా అప్పుడే ఆ రేడియోలో పన్నెండుకి అయిదు నిమిషాలు అన్నారు.

"అత్తా, ఇంకా పన్నెండు కాలేదు" అన్నాను.

"నా కళ్ళతో చూశాను. ఆ చౌక్‌లో పార్లమెంటు మేడ మీద అంత గడియారం పెట్టుకుని వాళ్ళు అబద్ధం చెప్తారా?"

"అబద్ధమే చెప్తారు" అన్నాడు సెవేరో కత్తి నూరుకుంటూ. "అందుకేగా జీతాలు."

"చిన్న ముల్లు పన్నెండు దాటి ఒంటిగంటకి మధ్యలో ఉంది. పెద్ద ముల్లు కింద ఆరు మీద. నాకు అంకెలు రాకపోవచ్చు, ముల్లు ఎక్కడుందో తెలీదా? నువ్వు పుట్టక ముందు నుంచి చూస్తున్నాను గడియారాలు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కానీ ఈసారి కుందేటికి నిజంగానే మూడు కాళ్ళున్నాయి. నాకు అప్పుడు వెలిగింది. జూన్‌లో ఆ గడియారాన్ని తిప్పేశారు. మనది భూమికి దక్షిణం వైపు దేశం, ఉత్తరం వాళ్ళ ముల్లు తిరిగినట్టు మన ముల్లు ఎందుకు తిరగాలి అని, అంకెలన్నీ ఎదురు వరస పెట్టి, ముళ్ళని ఎడమ వైపుకి తిరిగేట్టు చేశారు. సంతంతా వారం రోజులు దాని మీదే కొట్టుకున్నారు. ఆ కబుర్లు జరుగుతుంటే మా అత్త, "ఆ మేడ మీద ఏం పెట్టుకుంటే నాకేం" అని దుంపలు ఏరుకుంది. ఆ గడియారంలో పదకొండున్నర అయితే, పాత అలవాటున్న కళ్ళకి అది పన్నెండున్నరే.

ఇదంతా చెప్పాను. అద్దంలో చూసినట్టు అనుకో అన్నాను. ఆవిడ మూట మీద కూలబడింది.

"అరవై అయిదేళ్ళకి ఒక్కసారి వెళ్ళాను" అంది. "అదే ఏడు తిప్పారా?"

"నీ కోసం తిప్పలేదు అత్తా."

"నా కోసమే తిప్పారు. అప్పుడు మనిషిని పెట్టి తరిమారు, ఇప్పుడు గడియారాన్ని పెట్టి తరిమారు. బాగుంది."

మూటల మీది శాలువా లాక్కుని మొహం తుడుచుకుంది. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి నేను ఎన్నడూ అలా చూడలేదు. నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది కానీ, నిజం అది కాదు. నాకు కోపం వచ్చింది. ఆ చౌక్ నేల ఒకసారి తొక్కాక ఇంకా ఏం మిగిలింది?

"లే. ఇప్పుడు పోతే ఉంటుంది. రెండింటికి కదా బస్సు."

"రెండోసారి పోను. వెళ్ళాను, చూశాను, అయిపోయింది."

"నా పెళ్ళికి మూల మీద నించున్నావు, సరే. కోడలు పరాయి పిల్ల. చెల్లెలు పోయినా మూల మీదే నించుంటావా?"

అక్కడున్న కొలత డబ్బా నా మీదకి విసిరింది. తప్పుకున్నాను. చూన్యో అంతా నేల మీద దొర్లింది. సెవేరో కత్తి పక్కన పెట్టి, "వెళ్ళండి, కొట్టు నేను చూస్తాను. మీరిద్దరూ లేకపోతే బేరం కూడా బాగా జరుగుతుంది" అన్నాడు.

నడిచే వెళ్ళాం. కింద పెద్ద రోడ్డు మీద ఎవరిదో ఊరేగింపు, టపాకాయలు పేలుస్తున్నారు, బస్సులన్నీ ఆగిపోయాయి. మబ్బు పట్టి చలిగాలి కొడుతోంది. మా అత్త ఎక్కడా ఆగలేదు. ఎగువ వీధిలో ఒకచోట గోడ పట్టుకుంది, అంతే. నేను చెయ్యి ఇవ్వబోతే, "నీ చెయ్యి నీ దగ్గర పెట్టుకో" అంది.

ఆ మూల వచ్చింది. నా పెళ్ళినాడు నించున్న మూలే. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆగకుండా చౌక్‌లోకి నడిచింది. పావురాలు లేచాయి. ఊలు టోపీ పెట్టుకున్న ఒక విదేశీ అమ్మాయి, ఆవిడ ఆకుపచ్చ పావడా చూసి మురిసిపోయి, కెమెరా ఎత్తింది. మా అత్త టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఒక మాట అంది. ఆ అమ్మాయికి ఐమారా రాదు కాబట్టి బతికిపోయింది. అక్కడ ఒక దీపస్తంభం ఉంది. వెనకటికి ఒక అధ్యక్షుణ్ణి దానికే ఉరి తీశారు. దాని పక్కన నించుని విదేశీయుల గుంపొకటి పళ్ళికిలిస్తూ ఫోటో దిగుతోంది. నాకు మా అత్త తిట్లు మొదటిసారి సబబుగా అనిపించాయి.

చర్చి ముందు నుంచి వెళ్ళాం. భవనం గుమ్మంలో ఎర్రకోటు సిపాయిలు బొమ్మల్లా నించున్నారు. చౌక్ మధ్యనున్న విగ్రహం చుట్టూ తిరిగాం. బెనీతా లేదు. నేను మనసులో, అయిపోయింది, ఇక చచ్చేదాకా ఇది నా నెత్తి మీదే అనుకున్నాను.

"మూడోసారి" అని వినిపించింది.

చర్చికి ఎదురుగా ఉన్న బెంచీ మీద బూడిదరంగు కోటు, నల్లద్దాలు, పొట్టి జుట్టు, నిగనిగలాడే బూట్లు. కాళ్ళ దగ్గర చిన్న పెట్టె.

"నా ముందు నుంచి నువ్వు పోవడం ఇది మూడోసారి" అంది ఆవిడ, స్పానిష్‌లో. "పదకొండుంపావుకి వచ్చావు. రెండు చుట్లు తిరిగావు. నా బూట్లకేసి చూశావు, మొహం చూడలేదు. గడియారం చూసి వెళ్ళిపోయావు."

మా అత్త ఐమారాలో అంది. "ఎవరో దొరల ముసల్దనుకున్నాను."

"అనుకుంటావు. ఎప్పుడూ అనుకున్నది అదే కదా."

"నోరుందిగా, పిలవచ్చుగా?"

"ముప్పై అయిదేళ్ళు నువ్వు పిలిచావా? గుర్తుపడతావేమో చూద్దామనుకున్నాను."

"మొహానికి నల్లద్దాలు తగిలించుకుంటే గుర్తెలా పడతారే?"

"కళ్ళకి శుక్లాలు. ఎవరూ చెప్పలేదా? నువ్వు అడిగితే కదా చెప్పడానికి."

నేను మధ్యలో నించున్నాను. ఎవరూ నాకేసి చూడలేదు.

"కూర్చో" అంది బెనీతా, బెంచీ మీద పక్కకి జరిగి.

"వాళ్ళ బెంచీ మీద నేను కూర్చోను."

మా అత్త వీపు మీది చారల దుప్పటి తీసి రాతి నేల మీద పరిచి, పావడా చుట్టూ విప్పార్చుకుని చతికిలబడింది. సంతలో కూర్చున్నట్టే. బెనీతా కాసేపు పై నుంచి చూసింది. తర్వాత పెట్టె పట్టుకుని, బెంచీ అంచు పట్టుకుని, ఒక్కో కాలూ మడుచుకుంటూ కిందికి దిగింది.

"కోటు పాడవుతుంది" అంది మా అత్త.

"పోనీ."

"మళ్ళీ లేవగలవా?"

"నువ్వు లేవగలవా?"

కూర్చున్నారు కదా, ఇక బాగుపడ్డారని అనుకున్నాను. ఏం బాగుపడ్డం. అమ్మకి చివరి రోజుల్లో ఎవరు నోట్లో గంజి పోశారు, ఎవరు ఉత్తరాలు రాయలేదు, ఎవరు రాసిన ఉత్తరాలు ఎవరు చదివించుకోలేదు, ఎవరి మొగుడు ఎవర్ని ఏమన్నాడు. ఒకావిడ స్పానిష్‌లో అంటే ఇంకొకావిడ ఐమారాలో. గొంతులు లేచాయి. పావురాలకి గింజలు అమ్మే ఆవిడ తన స్టూలు కాస్త దగ్గరికి జరుపుకుంది. మా అత్త చివరికి తన దగ్గరున్న పెద్ద రాయిలాంటి మాట తీసింది.

"నువ్వు నాన్నని తుడిచేసుకున్నావు" అంది. "ఆయన ఊడ్చిన చోట నువ్వు దొరల పిల్లల్ని ఆడించావు. అది నేను మరిచిపోను."

బెనీతా నల్లద్దాల వెనక ఏముందో నాకు కనపడలేదు.

అప్పుడే యూనిఫాం వేసుకున్న ఒక కుర్రవాడు వచ్చాడు. పాపం మంచివాడే. మొహం చూస్తే మన వైపువాడే. చేతులు వెనక్కి కట్టుకుని అన్నాడు.

"అమ్మమ్మా, ఇక్కడ నేల మీద కూర్చోకూడదు. బెంచీ మీదైనా కూర్చోండి, లేదా కాస్త బయటికి వెళ్ళండి. చూసేవాళ్ళకి బాగోదు."

మా అత్త నోరు తెరిచింది. ఆవిడ కంటే ముందే బెనీతా నల్లద్దాలు తీసింది. కళ్ళ మీద తెల్లటి మసక పల్చగా కమ్మి ఉంది. వాడి మొహంలోకి కళ్ళు చికిలించి చూస్తూ మాట్లాడింది, ఐమారాలో. మా పల్లెల్లో ముసలివాళ్ళు కూడా ఇప్పుడు మాట్లాడనంత పాత ఐమారా.

"ఈ నేల మా నాన్న ఊడ్చాడు. ఆ మూల నుంచి ఆ చర్చి మెట్ల దాకా, మళ్ళీ ఇక్కడి దాకా. నడుం ఎత్తితే బూటుకాలితో తన్నారు. పొద్దు గుంకే దాకా ఊడ్చాడు. మీ నాన్న ఊడ్చాడా? ఊడిస్తే చెప్పు, లేస్తాం."

కుర్రవాడు ఇద్దరినీ చూశాడు. నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను. వాడు మెల్లగా విగ్రహం వైపు వెళ్ళిపోయాడు.

మా అత్త చెల్లెలి మొహంలోకి చూస్తూనే ఉంది.

"నీకు అప్పుడు నాలుగేళ్ళు" అంది. "నువ్వు ఎక్కడ చూశావు?"

"ఎక్కడ చూశానా? నీ వీపు మీద, దుప్పట్లో. నాన్నని తన్నినప్పుడు నేను ఏడవబోతే చెయ్యి వెనక్కి పెట్టి నా నోరు మూశావు. వాళ్ళు మనల్ని కూడా చూస్తారని. ఊపిరాడలేదు నాకు. ఇంటికెళ్ళే దాకా ఆ చెయ్యి తియ్యలేదు నువ్వు."

ఈ కథ నేను వెయ్యిసార్లు విన్నాను. కొట్లో, ఇంట్లో, పెళ్ళిళ్ళలో, చావుల్లో. వీపు మీద చెల్లెలు ఉన్న సంగతి మా అత్త ఏనాడూ చెప్పలేదు. చెప్పకుండా దాచిందో, తనూ మరిచిపోయిందో నాకు తెలీదు. ఆవిడ తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసుకుంది.

తలెత్తి, బెనీతాతో కాదు, నాతో అంది.

"బస్టాండుకి పోయి, రెండింటి బస్సు తర్వాత బస్సెప్పుడో కనుక్కురా."